మొత్తం అప్పు 5,55,400. నిన్న రాత్రి మొదటిసారి కాగితం మీద రాశాం

పెన్నా గాలి
9 జూన్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఈ ఫోరంలో మూడేళ్లుగా అందరి పోస్టులూ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది నెల్లూరు. మా ఆయన రొయ్యల చెరువుల నీళ్లు, మట్టి పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తారు. జీతం 28,000. నేను ఇంట్లో మిషన్ కుడతాను, నెలకు అటూ ఇటూగా 4,000 వస్తుంది. ఇంటి అద్దె 5,500. పాప నాలుగో తరగతి.

శుక్రవారం మధ్యాహ్నం ఒకాయన తలుపు కొట్టి, "వడ్డీ రెండు నెలలు నిలిచిపోయిందమ్మా, సార్‌కి చెప్పండి" అన్నాడు. ఏ వడ్డీనో నాకు అర్థం కాలేదు. మా ఆయన లక్షన్నరకు ప్రాంసరీ నోటు రాసి పద్నాలుగు నెలలైందట. మామగారి ఆపరేషన్‌కి తెచ్చారు. నాకు చెప్తే టెన్షన్ పడతానని చెప్పలేదట. రెండు రోజులు మాట్లాడుకోలేదు. నిన్న రాత్రి పాప పడుకున్నాక ఆయనే పాత నోటు పుస్తకం తెచ్చి ముందు పెట్టి "రాయి" అన్నారు.

రాసింది ఇది. క్రెడిట్ కార్డు బాకీ 86,000, నెలకు మూడున్నర శాతం వడ్డీ, మినిమం 4,300 కడుతున్నాం. పర్సనల్ లోన్ 1,62,000, ఈఎంఐ 5,900, ఇంకా మూడేళ్లకు కాస్త తక్కువ. నోటు 1,50,000, నూటికి మూడు రూపాయలు, అంటే నెలకు 4,500. బంగారం ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో 1,10,000కి తాకట్టు, నూటికి రూపాయిన్నర, నెలకు 1,650. మా అక్క దగ్గర 40,000, వడ్డీ లేదు కానీ ఫోన్ చేయాలంటే మొహం చెల్లట్లేదు. కిరాణా కొట్లో ఖాతా 7,400.

నెలకు 16,350 అప్పులకే పోతోంది. అద్దె పోగా మిగిలేది 10,150. అందులో ముగ్గురం బతకాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

చీమకుర్తి రాయి
10 జూన్ 2025, ఉదయం 6:15

చెల్లెమ్మా, ముందు కిరాణా ఖాతా తీర్చెయ్. రోజూ ఆ కొట్టు ముందు నుంచే పోవాలి గదా, తల దించుకుని పోయేవాళ్లకు మిగతా అప్పుల మీద ధైర్యం రాదు. నేను క్వారీలో సూపర్‌వైజర్‌ని. ఆరేళ్ల కింద నాకు తొమ్మిది చోట్ల అప్పు. చిన్నవి నాలుగు మొదటి అయిదు నెలల్లో తీర్చాను. తొమ్మిది మంది ఫోన్లు అయిదయ్యాక నిద్ర పట్టింది. లెక్క ప్రకారం వడ్డీ ఎక్కువున్నది ముందు కట్టాలంటారు. నాకు మాత్రం చిన్నది ముందు కట్టడమే పనిచేసింది.

రిటైర్డ్ క్యాషియర్
10 జూన్ 2025, ఉదయం 9:30

అమ్మా, కిరాణా వరకు చీమకుర్తి గారి మాట నిజం. 7,400 ముందు తీర్చండి. ఆ తర్వాత మాత్రం వడ్డీ చూడాల్సిందే.

మీ కార్డు లెక్క ఒక్కటి వేసి చూపిస్తాను. 86,000 మీద నెలకు మూడున్నర శాతం అంటే 3,010. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 542. మొత్తం 3,552. మీరు కట్టే 4,300లో అసలుకు చేరేది 748 రూపాయలు. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా గీకితే, గీకిన రోజు నుంచే దానికీ వడ్డీ పడుతుంది. మామూలుగా ఇచ్చే నలభై అయిదు రోజుల గడువు బాకీ ఉన్నవాళ్లకు ఉండదు. కాబట్టి ఈ రోజే కార్డు ఇంట్లో పెట్టేయండి. ఫోన్‌లో ఎక్కడెక్కడ ఆ కార్డు నంబరు దాచి ఉందో అవన్నీ తీసేయండి.

ఇక నోటు, బంగారం. మీ బంగారం ఎన్ని సవర్లు? ఎప్పుడు పెట్టారు? ధర తక్కువ ఉన్నప్పుడు పెట్టి ఉంటే, అదే బంగారం మీద ఇప్పుడు బ్యాంకులో ఎక్కువ వస్తుంది, వడ్డీ సగానికి దగ్గరగా తగ్గుతుంది. అది చెప్తే మిగతాది చెప్తాను.

పెన్నా గాలి
10 జూన్ 2025, మధ్యాహ్నం 2:05

సార్, అయిదు సవర్లకు కాస్త ఎక్కువ. నల్లపూసల గొలుసు, రెండు గాజులు. మూడేళ్ల కింద పెట్టాం, ఏటా వడ్డీ కట్టి తిరగరాస్తున్నాం. బంగారం మీద ఇంకా అప్పు అంటే భయంగా ఉంది సార్. అది మా అమ్మ పెట్టింది.

రిటైర్డ్ క్యాషియర్
10 జూన్ 2025, సాయంత్రం 5:20

భయపడటం మంచిదే. భయంతోనే లెక్క చూడండి.

తరుగు, పూసలు పోగా 39 గ్రాములు నిలుస్తాయనుకుందాం. ఇప్పటి ధరలో, విలువలో ముప్పావు వంతు ఇచ్చినా 2,60,000 దాకా వస్తుంది. ఆ డబ్బుతో ఫైనాన్స్ 1,10,000, నోటు 1,50,000 రెండూ తీరిపోతాయి. ఇప్పుడు ఆ రెండింటికీ కలిపి నెలకు 6,150 వడ్డీ. బ్యాంకులో ఏడాదికి 10 శాతం వేసుకున్నా నెలకు 2,167. తేడా 3,983.

అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గలేదని గుర్తుంచుకోండి, తగ్గింది వడ్డీ మాత్రమే. ఆ 3,983 ఇంటి ఖర్చులో కలిసిపోతే మీరు చేసిన పనంతా వృథా. అది ప్రతి నెలా మినిమంతో కలిపి కార్డుకు వెళ్లాలి. ఇంకొక మాట. ఏడాది తిరిగాక వడ్డీ ఒక్కటి కడితే తిరగరాస్తారా, అసలు కూడా కట్టి మళ్లీ తీసుకోవాలా అని సంతకం పెట్టే ముందే అడగండి. ఇప్పుడు చాలాచోట్ల రెండోదే. వడ్డీ నెలనెలా కట్టేయండి, ఏడాదికి కుప్ప చేయొద్దు. కట్టకపోతే నోటీసు, ఆ తర్వాత వేలం.

కార్డు బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని కూడా ఒకసారి అడిగి చూడండి. అందరికీ ఇవ్వరు. అడగడానికి ఖర్చు లేదు.

కావలి కోడలు
10 జూన్ 2025, రాత్రి 9:00

సార్ చెప్పింది సరే గానీ నా అనుభవం వినండి. నేనూ ఇలాగే బంగారం మార్చి పెట్టాను. చేతికి లక్షా ఎనభై వచ్చింది. శనివారం వచ్చింది, సోమవారం అప్పు కడదామనుకున్నాం. ఆదివారం మా ఆడపడుచు ఇంట్లో ఓణీల ఫంక్షన్. ముప్పై వేలు అక్కడే పోయాయి. అప్పులు తీరలేదు, బంగారం మీద అప్పు పెరిగింది. కాబట్టి డబ్బు ఇంటికి రాకూడదు. బ్యాంకు నుంచి నేరుగా నోటాయన దగ్గరికి పోండి.

రిటైర్డ్ క్యాషియర్
11 జూన్ 2025, ఉదయం 7:45

కావలి అమ్మాయి చాలా ముఖ్యమైన మాట చెప్పింది. నోటు తీర్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. డబ్బు ఇచ్చి "తర్వాత చూసుకుందాం" అని వచ్చేయొద్దు. అసలు నోటు చేతికి తీసుకోండి. వెనక "అసలు వడ్డీ పూర్తిగా ముట్టినది, చెల్లు" అని తేదీ వేసి ఆయన చేత సంతకం పెట్టించండి. వీలైతే డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పంపండి. నేను కౌంటర్‌లో ఉన్న ముప్పై ఏళ్లలో చెల్లు వేయించుకోక రెండోసారి కట్టిన కుటుంబాలను చూశాను. ఇచ్చినాయన మంచివాడే కావచ్చు. ఆయన పోయాక నోటు ఆయన కొడుకు చేతికి వస్తుంది, ఆ కొడుక్కి మీరు కట్టిన సంగతి తెలియదు.

బుచ్చి అక్క
11 జూన్ 2025, మధ్యాహ్నం 1:10

అమ్మాయ్, మాది బుచ్చిరెడ్డిపాళెం. ఇరవై ఏళ్లకు పైగా డ్వాక్రా గ్రూపు లీడర్‌గా ఉన్నాను. ముందు నీ మొగుడి సంగతి. దాచాడని కోపం ఉంటుంది, ఉండనీ. కానీ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది ఆయనే కదా. అది మాత్రం మర్చిపోవద్దు. మా గ్రూపులో చిన్నాభిన్నమైన ఇళ్లు ఎన్నో చూశాను, అప్పు ఎంత పెద్దదైనా ఇద్దరికీ తెలిసిన ఇల్లు నిలబడింది.

గ్రూపు లోను తెచ్చి కార్డు కట్టమని ఎవరైనా చెప్తే మాత్రం వినవద్దు. వడ్డీ తక్కువే. కానీ అది పదిమంది సంతకం. నువ్వొక నెల తప్పితే మిగతా తొమ్మిది మంది నీ గుమ్మం ముందుకు వస్తారు, వాళ్లకూ అప్పు పుట్టదు. గ్రూపు డబ్బు మిషన్‌కో, గేదెకో, సంపాదించి పెట్టే దానికే తీసుకోవాలి.

మన జిల్లా ఆడవాళ్లకు ఇలా డబ్బు మిగుల్చుకుని నిలబడటం కొత్త కాదమ్మా. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 93కల్లా రాష్ట్రమంతా సారా ఆగింది. సారా ఆగిన ఇళ్లలో మిగిలిన డబ్బే రోజుకో రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి గుంపుల్లోకి వచ్చింది. మా అత్త ఆ రూపాయి దేవుడి గూట్లో పసుపు డబ్బాలో వేసేది. నెలయ్యాక ముప్పై రూపాయలు పట్టుకెళ్లి గుంపులో కట్టి, పుస్తకంలో వేలిముద్ర వేసి వచ్చేది. నువ్వు మొదలుపెట్టే రూపాయి ఎక్కడుందో ముందు అది చూసుకో.

టంగుటూరు రైతు
12 జూన్ 2025, ఉదయం 5:50

మీ అందరి లెక్కలూ నెల జీతం వాళ్లవి. మాకు నెల లేదు. పొగాకు వేలం జరిగినప్పుడే డబ్బు. బేలుకు ఎవరూ పాడక నో బిడ్ అయితే మళ్లీ ఇంటికే. కౌలు, కూలీలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కర్ర, అన్నీ ముందే పెట్టాలి. కాబట్టి మాలాంటి వాళ్లు వేలం డబ్బు వచ్చిన రోజే ఏడాదంతటికీ పంచుకోవాలి. నేను నాలుగేళ్ల నుంచి చేస్తున్నది ఇది: డబ్బు ఖాతాలో పడగానే పన్నెండు భాగాలు చేసి ఇంటి ఖర్చు వరకు వేరే ఖాతాలో వేస్తాను. ఆ ఖాతా కార్డు మా ఇంటావిడ దగ్గర ఉంటుంది. మిగిలింది అదే వారంలో అప్పుకు. నా దగ్గర ఉంటే ట్రాక్టర్ షోరూం దారి పట్టేవాడిని, నిజం.

సింగరాయకొండ టీచరమ్మ
13 జూన్ 2025, రాత్రి 8:30

పెన్నా గాలి గారూ, ఒకసారి అటక దించండి. నేను పోయిన వేసవి సెలవుల్లో దించాను. వాడని మిక్సీలు రెండు, కుక్కర్లు మూడు, ఇరవై రెండు స్టీలు బేసిన్లు (పెళ్లిళ్లకు వచ్చినవి), పిల్లల ట్రైసైకిల్, ఒక టేబుల్ ఫ్యాను. పాత ఇనుము వాడికి అన్నీ ఒకేసారి వేయొద్దు. పనిచేసేవి ఫోటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పాత సామానుకు మూడు రెట్లు వస్తుంది. వచ్చిన డబ్బు కంటే ఇంకోటి జరుగుతుంది. మన ఇంట్లో ఎన్ని ఉన్నాయో చూశాక షాపింగ్ యాప్ తెరవాలనిపించదు. అప్పటికే నా దగ్గర నాలుగు ఫ్లాస్కులున్నాయి, అయిదోది కార్ట్‌లో ఉంది.

ఒంగోలు అబ్బాయి
15 జూన్ 2025, రాత్రి 11:55

ఇది అడగొచ్చో లేదో తెలియదు. నాకు 26. ఒంగోలులో ఒక షోరూంలో పని. లోన్ యాప్‌లలో తీసుకున్నాను. ఒకటి కట్టడానికి ఇంకోటి. రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తున్నారు. మా మేనమామకు, మా మేనేజర్‌కు కూడా చేశారు. ఇంట్లో తెలియదు. ఏం చేయాలో తోచడం లేదు.

రిటైర్డ్ క్యాషియర్
16 జూన్ 2025, ఉదయం 5:40

బాబూ, అడగొచ్చు. నీ కోసమే పొద్దున్నే కూర్చున్నాను.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం వసూలు మనుషులు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ బంధువులకు, ఆఫీసుకు చేసి పరువు తీయకూడదు. అలా చేస్తున్నారంటే కాల్ రికార్డులు, మెసేజీల స్క్రీన్‌షాట్లు తేదీలతో దాచు. ఫోటోలు మార్చి పంపుతామనో, పోలీసులమనో బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్. ఆ యాప్ వెనక ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఉందో నీ అప్పు కాగితంలో రాసి ఉండాలి. ఉంటే ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, రిజర్వ్ బ్యాంకు నంబరు 14448లో అడిగితే దారి చెప్తారు. ఏ పేరూ లేకపోతే అది దొంగ యాప్, రిజర్వ్ బ్యాంకు వాళ్ల సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ యాప్‌లకు కాంటాక్టులు, గ్యాలరీ అనుమతి తీసెయ్.

ఇవన్నీ రెండోది. మొదటిది, ఇవాళ మధ్యాహ్నంలోపు మీ అమ్మకో నాన్నకో చెప్పు. ఆ యాప్ వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ఇంట్లో తెలియదన్న నీ భయం. చెప్పాక ఇక్కడ రాయి. రాసేదాకా నేను చూస్తుంటాను.

ఒంగోలు అబ్బాయి
16 జూన్ 2025, రాత్రి 9:20

అమ్మకు చెప్పాను సార్. ఏడ్చింది. తర్వాత అన్నం పెట్టింది.

పెన్నా గాలి
22 జులై 2025, రాత్రి 10:15

నెలన్నర తర్వాత వస్తున్నాను, ఏమీ అనుకోకండి. జరిగింది చెప్తాను.

బంగారం విడిపించాలంటే ముందు 1,10,000 చేతిలో ఉండాలి కదా. మా తమ్ముడు ఒక్క పూటకు చేబదులిచ్చాడు. పొద్దున పదిన్నరకు ఫైనాన్స్‌లో కట్టి నగలు తీసుకున్నాం, ఆటోలోనే బ్యాంకుకు. అక్కడ అప్రైజర్ గారు గాజును గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, కళ్లద్దం పెట్టి చూశారు. నల్లపూసలు, లక్క తీసేసి 39 గ్రాముల 200 మిల్లీ నిలిచింది. సార్ ఫోన్‌లో కూడా చూడకుండా చెప్పిన లెక్క! మూడింటికి డబ్బు ఖాతాలో పడింది. తమ్ముడికి అక్కడే పంపేశాను. నోటాయన ఇంటికి వెళ్లేసరికి నాలుగైంది. ఆయన నోటు బీరువాలోంచి తీశారు. నాలుగు మడతలు పెట్టి, మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. రెవెన్యూ స్టాంపు మీద మా ఆయన సంతకం చూస్తే నాకు కాళ్లు వణికాయి. చెల్లు రాయించుకున్నాం. నిలిచిన రెండు నెలల వడ్డీలో ఆయన 1,000 తగ్గించారు, అడగకుండానే. మిగతాది ఆ నెల కుట్టుపని డబ్బులోంచి ఇచ్చాను.

కార్డు ఈఎంఐగా మార్చమంటే మా పాత ఆలస్యాల వల్ల కుదరదన్నారు. సరే, వదిలేశాం.

టీచరమ్మా, అటక దించాను. మా అమ్మ సారెగా పెట్టిన ఇత్తడి గంగాళం, రెండు బిందెలు, కాగు. గంగాళం అంచు మీద మా అమ్మ పేరు, 12-5-86 అని చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. అది మా అమ్మ పెళ్లి తేదీ. చింతపండు పెట్టి తోమితే ఆ చుక్కల్లో నల్లటి మురికి పోయి అక్షరాలు మెరిశాయి. ఆ ఒక్క గంగాళం ఉంచుకుని మిగతా ఇత్తడి అమ్మేశాను, పదకొండు కిలోలు, 4,620 వచ్చింది. పాత ఫ్రిజ్, కుట్టుకు పనికిరాని ఇంకో మిషన్, పాప చిన్న సైకిల్, ఇనుప మంచం, అన్నీ కలిపి 14,850.

మా ఆయన పెళ్లికి ముందు కొన్న బైకు ఇంకోటి ఉంది. ఏడాదిగా కవర్ కింద ఉంది. 27,000కి ఇచ్చేశారు. అమ్మిన రోజు రాత్రి ఆయన ఎక్కువ మాట్లాడలేదు. నేను కూడా కదిలించలేదు.

మొత్తం 41,850. కిరాణా ఖాతా 7,400 తీర్చాం. 10,000 పక్కన పెట్టాం, జ్వరాలకు. మిగతా 24,450, మినిమం, తగ్గిన వడ్డీ కలిపి ఇప్పుడు నెలనెలా కట్టే 8,300తో సహా 32,750 కార్డుకు వేశాం. స్టేట్‌మెంట్‌లో 56,020 అని చూశాక ఇద్దరం రెండుసార్లు చదువుకున్నాం.

చీమకుర్తి రాయి
23 జులై 2025, ఉదయం 6:30

శభాష్ చెల్లెమ్మా. బైకు కొన్నవాడి పేరు మీదికి ఆర్సీ మారిందా? ఫారం 29, 30 సంతకాలు పెట్టి ఇవ్వడంతో అయిపోదు, మారేదాకా వెంటపడాలి. నా పాత బండి కొన్నవాడు మార్చుకోలేదు, రెండేళ్లు చలాన్లు నా ఫోన్‌కు వచ్చాయి.

బుచ్చి అక్క
23 జులై 2025, ఉదయం 11:00

గంగాళం ఉంచుకున్నావు, మంచి పని చేశావు. కొందరు అన్నీ అమ్మేసి తర్వాత ఏడాదంతా తలుచుకుని బాధపడతారు, ఆ బాధకు మళ్లీ కొంటారు.

మొన్న రొట్టెల పండగకు మా గ్రూపులో ముగ్గురు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెలు, టీ పెట్టారు. గోధుమపిండి, గ్యాసు పోను ఒక్కొక్కరికి మూడు వేల దాకా మిగిలింది. వచ్చే ఏడాది నువ్వూ రా.

కావలి కోడలు
20 ఆగస్టు 2025, రాత్రి 8:10

నేను రోజూ కావలి నుంచి నెల్లూరు షాపుకు వస్తాను. నెలకు ఛార్జీలు 3,000 దాటేవి. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఉచితం కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తున్నారు. మొదటి మూడు రోజులు ఆ మిగిలిన డబ్బుతో స్టాండ్‌లో ఏదో ఒకటి కొనుక్కు తిన్నాను. నాలుగో రోజు తెలివి తెచ్చుకుని నెలకు 3,000 రికరింగ్ డిపాజిట్ పెట్టాను, జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా. సీటు దొరకడం లేదు, నిలబడే వస్తున్నాను. పర్లేదు.

సింగరాయకొండ టీచరమ్మ
21 ఆగస్టు 2025, రాత్రి 9:15

పెన్నా గాలి గారూ, ఇంటి ఖర్చు 10,150లో ఎలా నెట్టుకొస్తున్నారు? నాకు అది తెలుసుకోవాలని ఉంది. అప్పు తీర్చే లెక్కలు అందరూ చెప్తారు, బియ్యం కూరల లెక్క ఎవరూ చెప్పరు.

పెన్నా గాలి
14 సెప్టెంబరు 2025, సాయంత్రం 4:30

టీచరమ్మా, ఆలస్యానికి క్షమించండి. గ్యాసు, కరెంటు, పాల డబ్బు, పెట్రోలు, పాప వ్యాను, రెండు ఫోన్లు, ఇవి నెల మొదట్లోనే తీసి ఇచ్చేస్తాం. మిగిలింది నాలుగు భాగాలు చేస్తాను. ఒక్కో భాగం వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఆదివారం పొద్దున ఒక భాగం నోట్లుగా తెచ్చి పోపుల డబ్బా పక్కన పాత బోర్న్‌విటా డబ్బాలో వేస్తాను. కూరలు, ఉప్పు పప్పు, చేపలు, పాప చిరుతిండి, అన్నీ అందులోంచే. స్కాన్ చేసి కట్టడం మానేశాం. ఫోన్‌లో అయితే పోయిన డబ్బు కంటికి కనపడదు. డబ్బాలో అయితే గురువారానికి అడుగు కనిపిస్తుంది. మొదటి రెండు వారాలు శుక్రవారానికే ఖాళీ. అప్పుడు శుక్ర, శనివారాలు పచ్చడి, మజ్జిగతో సరిపెట్టాం. మూడో వారం నుంచి పాపే డబ్బా తీసి చూసి, "అమ్మా, ఈ వారం చేపలు వస్తాయా?" అని అడుగుతోంది. ఆదివారం పెద్ద చేప బదులు చిన్న చేపలు తెస్తున్నాం, పులుసు పులుసే కదా.

ఇంకో పని మొదలుపెట్టాను. దోశె పిండి. కిలో బియ్యానికి మూడు వందల గ్రాముల మినప్పప్పు, నానబెట్టి రుబ్బితే మూడు కిలోల పిండి. బియ్యం, పప్పు, కరెంటు, కవర్లు కలిపి తొంభై దాకా పడుతుంది. కిలో 50కి ఇస్తున్నాను, మూడు కిలోలకు అరవై మిగులుతుంది. రోజుకు ఆరు కిలోలు పోతోంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య రెండు కిలోలు తీసుకెళ్లి తన బ్లాకులో ఇస్తుంది, కిలోకు అయిదు రూపాయలు ఆమెకు. కుట్టుపని తగ్గిన వారం ఇదే కాపాడుతోంది. ఎండలకు పిండి తొందరగా పులిసిపోతుంది, మధ్యాహ్నం రుబ్బిన పిండి అదే సాయంత్రం పోవాలి. అది కష్టం.

కార్డు ఇప్పుడు 37,500కు దిగింది.

ఒంగోలు అబ్బాయి
30 అక్టోబరు 2025, రాత్రి 7:40

అందరూ క్షేమమేనా? మొంథా తుపానుకు మా వీధిలో నీళ్లు. సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేస్తున్నాను, మూడు రోజులు బండి తీయలేదు. యాప్‌లలో రెండు మూసేశాను. రాత్రి ఫోన్లు ఆగాయి. ఇంకా మూడు ఉన్నాయి.

పెన్నా గాలి
2 నవంబరు 2025, ఉదయం 10:00

మేం బాగున్నాం తమ్ముడూ. ఈ నెల మాకు దెబ్బ తగిలింది. పాపకు డెంగీ. నాలుగు రోజులు ఆసుపత్రిలో. పక్కన పెట్టిన 10,000 అయిపోయింది, పైన ఇంకొంత పడింది. కార్డుకు 6,000 మాత్రమే వేయగలిగాం. ఆసుపత్రి కౌంటర్ దగ్గర మా ఆయన చేయి పర్సులో కార్డు ఉండే చోటుకు వెళ్లింది. అక్కడ కార్డు లేదు, ఇంట్లో గంగాళంలో వేసి ఉంది. ఆ 10,000 లేకపోతే మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం. పాప ఇప్పుడు బాగుంది. పిండి మళ్లీ రేపటి నుంచి.

రిటైర్డ్ క్యాషియర్
2 నవంబరు 2025, మధ్యాహ్నం 12:20

పాప కోలుకుంది, అది చాలు. ఈ నెల తక్కువ కట్టామని బాధపడొద్దు. ముందు ఆ 10,000లో కనీసం సగం మళ్లీ నింపండి, పిండి డబ్బుతో. కార్డు ఒక నెల ఆలస్యమైతే వెయ్యి, పదిహేను వందలు వడ్డీ పోతుంది. చేతిలో ఏమీ లేకుండా ఇంకో జ్వరం వస్తే అంతకంటే ఎక్కువ పోతుంది.

పెన్నా గాలి
18 జనవరి 2026, రాత్రి 9:50

కార్డు తీరిపోయింది. చివరి వాయిదా 11,285. సంక్రాంతికి ఎవరికీ కొత్త బట్టలు తీసుకోలేదు, పాపకు నేనే లంగా ఓణీ కుట్టాను, నా పాత పట్టు చీరతో. బాకీ లేదన్న లెటర్ ఈ-మెయిల్‌లో వచ్చింది. కార్డు రద్దు చేయించాం. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారని సార్ వేరే చోట రాశారు కదా, రెండు నెలలయ్యాక తీసి అందులో "క్లోజ్డ్" అని ఉందో లేదో చూస్తాను.

సార్, ఇప్పుడు నెలకు పన్నెండు వేల దాకా చేతిలో ఉంటుంది. పర్సనల్ లోన్‌కా, బంగారానికా?

రిటైర్డ్ క్యాషియర్
19 జనవరి 2026, ఉదయం 7:00

చాలా సంతోషమమ్మా. లెటర్ ప్రింటు తీసి దాచండి. వడ్డీ చూస్తే పర్సనల్ లోన్‌దే ఎక్కువ. కానీ మీ బంగారం గడువు జూన్‌లో ఉంది, అసలు మొత్తం అడుగుతారేమో ముందే కనుక్కోండి. లోన్‌లో ముందుగా కడితే ఛార్జి ఎంతో ఒప్పంద పత్రంలో చూడండి. అప్పటిదాకా నెలకు రెండు వేలు అక్కగారికి పంపుతూ ఉండండి. వడ్డీ లేదని ఆమెను చివరికి పెట్టొద్దు.

పెన్నా గాలి
19 జనవరి 2026, ఉదయం 9:35

నిన్న రాత్రే ఫోన్ చేశాను సార్. పదకొండు నెలల తర్వాత. డబ్బు సంగతి ఎత్తేలోపే పాప ఎలా ఉందని అడిగింది.

ఒంగోలు అబ్బాయి
19 జనవరి 2026, రాత్రి 11:10

అక్కా, మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. నేను ఇన్నాళ్లూ అన్నీ తలలోనే పెట్టుకున్నాను. ఇవాళ అమ్మ పక్కన కూర్చుని రాశాను. మొదటి యాప్ 18,500, నెలకు 2,900. రెండో యాప్ 11,200. మూడోది 6,000, ఫిబ్రవరితో అయిపోతుంది. ఫ్రెండ్ దగ్గర 9,000. మేనమామ దగ్గర 15,000. మొత్తం 59,700.

రిటైర్డ్ క్యాషియర్
20 జనవరి 2026, ఉదయం 5:45

కూడిక సరిపోయింది బాబూ. రెండో యాప్‌కు నెల వాయిదా ఎంతో, వడ్డీ ఎంతో రాయలేదు. అమ్మ లేచాక ఇద్దరూ చూసి అది కూడా రాయండి.